లేచి నిలుచు బలము

బాసగూడ సంతలో, తాలిపేరు యేటి యొడ్డుకు సమీపమున, ఎండిన ఇప్పపువ్వు గంప ముందుంచుకొని కూర్చుండిన యొక అవ్వ, బేరము ముగిసిన పిదప లేచుట నేను చూచితిని. ఆమె మొదట కుడిచేయి నేలకు ఆనించెను. ఎడమచేయి మోకాటిపై మోపెను. ఊపిరి బిగబట్టి పైకి లేవబోయి, నడుమనే ఆగి, మరల కూలబడి, రెండవసారికి గాని నిలువలేకపోయెను. "కాళ్లు మాట వింటలేవు బిడ్డా" అని నవ్వి, గంప నెత్తిన పెట్టుకొని యేటివైపు నడచెను. నడకలో తడబాటు లేదు. లేచుటయే ఆమెకు భారమైనది.

ఏండ్లు పైబడినవారి యీ యవస్థను మనము మోకాళ్ల నొప్పి యనియో, నడుము పట్టు అనియో చెప్పుకొందుము గాని, అందు కండకు గల భాగమును లెక్కింపము. ఎముకల నంటియుండి మన యిచ్ఛకు లోబడి కదలు కండ, ఆరోగ్యవంతుని దేహభారమున నూటికి సుమారు 40 వంతులుండును. అది వయస్సుతో తరిగిపోవుటకు 1989లో అమెరికా వైద్యుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్, మాంసము, లేమి యను అర్థములు గల రెండు గ్రీకు పదములను కూర్చి, సార్కోపీనియా యని పేరిడెను. మన భాషలో కండలేమి యన్న చాలును.

కండ పనిచేయు విధమును లోకమునకు తెలిపినవారిలో మన తెలుగువా డొకడు కలడనుట నాకు ఎన్నిసార్లు చెప్పుకొన్నను తనివితీరని విషయము. 1895లో భీమవరమున జన్మించి, 1923లో బోస్టన్ నగరము చేరిన యెల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో గూడి, రక్తాదులలోని ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని 1925లో వెలువరించెను. ఆ పద్ధతినే కండరసమునకు ప్రయోగింపగా ఒక వింత పొడసూపెను: వెంటనే తేలవలసిన నీలిరంగు ఆలస్యముగ, మెల్లమెల్లగ చిక్కబడుచు వచ్చినది. మరియొకడైనచో కొలతలో దోషమని త్రోసివేసి యుండునేమో. వీరు ఆ యాలస్యమునకు కారణమును వెదకి, కండలో క్రియాటిన్‌తో ముడిపడి, ఆమ్లము తగిలినంతనే విడిపోవు నొక ఫాస్ఫరస్ పదార్థము కలదని 1927లో ప్రకటించిరి. కండను విద్యుత్తుతో అలయునట్లు పనిచేయించినచో ఈ ఫాస్ఫోక్రియాటిన్ తరుగును. విశ్రమింపనిచ్చినచో మరల చేకూరును. అదే కాలమున ఇంగ్లండున ఎగిల్టన్ దంపతులును దీనిని వేరుగ కనుగొనిరి. కండ శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి సిద్ధాంతము దీనితో సడలిపోయెను.

మన అవ్వ ఒక్క ఊపున లేవబోవునపుడు తొలి క్షణములలో ఖర్చగు మూలధన మీ పదార్థమే. నేడు దేహమును కోయకయే, అయస్కాంతయంత్రముతో, తొడకండలో ఇది తరిగి మరల నిండుటకు పట్టు కాలమును పరిశోధకులు కొలుచుచున్నారు. వయస్సు మీరినకొలది ఆ నిండుట మందగించునని తేలినది.

మందగించుటయే కాదు, కండలోని పోగులును తరుగును. స్వీడన్‌లో యాన్ లెక్సెల్ బృందము 15 మొదలు 83 ఏండ్ల వరకు గల 43 మంది మృతపురుషుల తొడకండను అడ్డముగ పొరలుగ కోసి, పోగులను లెక్కించి, 20 ఏండ్లకును 80 ఏండ్లకును నడుమ ఆ కండ వైశాల్యము నూటికి సుమారు 40 వంతులు తగ్గునని 1988లో చూపెను. మిగిలిన పోగులలోను వేగముగ ముడుచుకొను జాతివే మిక్కిలి సన్నబడును. తటాలున లేచుటకును, కాలుజారినపుడు నిలదొక్కుకొనుటకును అక్కరకు వచ్చునవి అవియే. నడువగల అవ్వ లేవలేకపోవుటకు ఇది యొక కారణము.

అయినను కండ కడవరకు మాట వినును. 1990లో మరియా ఫియటరోన్ అను పరిశోధకురాలు బోస్టన్‌లోని వృద్ధాశ్రమమున 90 ఏండ్ల ప్రాయమువారిచే 8 వారములు కాళ్లతో బరువులెత్తించెను; శిక్షణ పూర్తిచేసిన 9 మందికి బలము సగటున నూటికి 174 వంతులు పెరిగెను. అటుపై 1994లో నూరుగురిపై జరిపిన ప్రయోగమున, వ్యాయామము లేక పుష్టికరమైన పానీయ మొక్కటే యిచ్చుటవలన బలము పెరుగలేదు.

ఆ వృద్ధులకు కొరవడినది శ్రమ. బాసగూడ అవ్వకు కొరవడినది ఆహారము. నీరు మోయుట, అడవిలో వంగి పువ్వేరుట ఆమెకు నిత్యకృత్యములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు కిలో దేహభారమునకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు నిర్దేశించినది; వృద్ధులకు 1 మొదలు 1.2 గ్రాములు కావలెనని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందము చెప్పినది. 45 కిలోల అవ్వకు అది రోజుకు 45 గ్రాములకు తక్కువ గాదు. నూరు గ్రాముల బియ్యమున ఏడెనిమిది గ్రాములే యుండును. అంతే కందిపప్పున 22.

చిన్ననాడు తినని తిండి లోటు ఇక తీరదని నిట్టూర్చువారికి ఒక మాట. హైదరాబాదు చెంత పరిశోధనకు తీసుకొన్న 29 పల్లెలలో, 1987 నుండి 1990 వరకు 15 ఊళ్లలో మాత్రమే గర్భిణులకును శిశువులకును అదనపు ఆహార మందెను. ఆ శిశువులు ఇరువదేండ్లవారైన పిదప కొలిచి చూడగా, నాటి ఆహారము వారి కండను గాని పిడిబలమును గాని పెంచినట్లు కానరాలేదు. నేటి తిండి, నేటి శ్రమ, నేటి ఆర్థికస్థితియే వానితో ముడిపడి యుండెను. అది పడుచువారి లెక్కయే. అయినను ఏ వయస్సునకు ఆ వయస్సున కంచములో పడునది విలువైనదని నే నందుండి గ్రహించితిని.

కుర్చీనుండి చేతులూనక అయిదు మారులు లేచి కూర్చుండుటకు 12 సెకండ్లు గాని, అంతకు మించి గాని పట్టినచో కండలేమిని శంకింపవలెనని ఆసియా నిపుణులు 2019లో కొలత పెట్టిరి. అవ్వ యింట కుర్చీ లేదు. ఏటిదారిన ఆమె వెంట నడచుచు, పొద్దున నేమి తింటివని యడిగితిని. "జావ" అనెను. మాపటికి? "అన్నం, చింతపండు పులుసు." గంపలో ఇప్పపువ్వు నడుమ పొదిగి తెచ్చిన గుడ్లెన్ని యని యడిగితిని. "పది. పదీ అమ్ముడైనై బిడ్డా."

ఒక్కొక్క గుడ్డులో ఆరేసి గ్రాముల మాంసకృత్తులు.