పరిశోధనమున విద్యార్థి భాగము

హైదరాబాదునకు తూర్పుననున్న చర్లపల్లి పేరు 2025లో నూతన రైల్వే టెర్మినలు తెరవబడుటచే దేశమంతట వినబడినది. ఈ ప్రాంతమునకు అంతకు పూర్వమే మఱియొక ప్రతిష్ఠ కలదు. 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ చర్లపల్లికి చేరువనే యున్నది. ఉప్పల్ మార్గమున 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయు, సి.సి.యం.బి.యు కలవు. సమీపముననే ఉస్మానియా విశ్వవిద్యాలయము. ఇన్ని విద్యాపీఠములు చుట్టునున్నను, నాచారము నుండి కళాశాల కేగు భౌతికశాస్త్ర విద్యార్థి వాని ప్రాకారములను బస్సు కిటికీ నుండి చూచుచు పోవుటయే కాని, లోపల ఒక ప్రశ్న యెట్లు పుట్టునో, ఒక కొలత యెట్లు తీయబడునో యెఱుగడు.

మన బి.ఎస్‌సి. ప్రయోగశాలలలో జరుగుచున్న దేమి? ఫలితము ముందే తెలిసిన ప్రయోగము! పుస్తకమందలి సంఖ్య రాకున్నచో విద్యార్థి దానిని దిద్ది రికార్డున వ్రాయును. తప్పెక్కడ పుట్టెనని విచారించుట శాస్త్రము; దానిని కప్పిపుచ్చుట మనము నేర్పుచున్న విద్య.

1906లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో యం.ఏ. చదువుచుండిన చంద్రశేఖర వెంకట రామను స్పెక్ట్రోమీటరుతో ప్రిజము కోణమును కొలుచుచు, వెలుతురు చారలు ఇరువైపుల సమముగా లేకుండుట గమనించెను. దానిని పొరపాటని త్రోసివేయక, కారణము వెదకి, ఇంగ్లండునందలి ఫిలసాఫికల్ మ్యాగజైనున తన తొలి వ్యాసమును ప్రకటించెను. ఆ ప్రిజము, ఆ స్పెక్ట్రోమీటరు నేడు మన కళాశాలలలోను కలవు. ఆ ప్రశ్నకు మాత్రము తావు లేదు.

మన సూరి భగవంతముగారు హైదరాబాదు నిజాము కళాశాలలో పట్టము పొంది, రామను ఫలితము వెలువడిన 1928లోనే కలకత్తా చేరి, ఆ మహనీయుని చెంత పని నేర్చిరి. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులై, ఉస్మానియాకు వైస్‌ఛాన్సలరు కూడ నైరి. గురువు ప్రక్కన నిలిచి పనిచేసిన శిష్యుడే పిమ్మట గురువు కాగలడు.

'బాలురకు పరిణతి చాలదు, పరీక్షలు చెడును' అని కొంద ఱందురు. నూతన సిద్ధాంతమును కల్పింపుమని వారి నెవ్వ రడుగుచున్నారు? అధ్యాపకుని పరికరమును సరిచూచుట, కొలతలను పలుమాఱులు తీయుట, లెక్క కట్టుట వారు చేయగల పనులే. అయితే వారిని జీతము లేని కూలీలుగ వాడరాదు. ఫలితమును సాధించుటలో నిజముగ పాలుపంచుకొన్నవారి పేరు వ్యాసమున నుండితీరవలెను.

దేశమందలి మూడు విజ్ఞాన అకాడమీలు వేసవిలో రెండు నెలలపాటు విద్యార్థులకును అధ్యాపకులకును పరిశోధనావకాశము కల్పించుచున్నవి. అది కొలదిమందికే చాలును. కావున కళాశాలల యాజమాన్యములు అధ్యాపకుల బోధన గంటలను కొంత తగ్గించి, పరిశోధనమునకు వ్యవధి నీయవలెను. చర్లపల్లి, ఉప్పల్ పరిసరములందలి సంస్థలు ఇరుగుపొరుగు విద్యార్థులకు ద్వారములు తెఱవవలెను. దాతలారా! మీ పేరు చెక్కిన శిలాతోరణముకంటె ఒక మంచి స్పెక్ట్రోమీటరు చిరకాలము మీ కీర్తిని నిలుపును. తలిదండ్రులారా! ఎన్ని మార్కులు వచ్చెనని బిడ్డ నడుగుటకు ముందు, ఈనాడేమి ప్రశ్నించితివని యడుగుడు.