కాల్పుల తర్వాత కూడే సంఘం

అమెరికాలో బడిలోనో, బజారులోనో, ఆరాధనా మందిరంలోనో కాల్పులు జరిగినప్పుడు ఆ ఊరి క్రైస్తవులు చాలాసార్లు ఆ రాత్రికే ఒకచోట చేరతారు. కొవ్వొత్తులు వెలిగిస్తారు. చనిపోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా చదువుతారు. పేరుకీ పేరుకీ మధ్య గంట మోగుతుంది, లేదా కాసేపు మౌనం పాటిస్తారు. ఎవరింట్లో వారు మోకరించి చేసుకునే ప్రార్థనకూ దీనికీ తేడా ఉంది. ఇది సంఘమంతా బహిరంగంగా చేసే దుఃఖం. దీని వెనక పాత లేఖనాలూ, కొత్తగా పుట్టిన ఆచారాలూ, తెగని వివాదాలూ ఉన్నాయి.

ఆ దేశంలో తుపాకీ మరణాల సంఖ్య చిన్నది కాదు. 2021లో 48,830 మంది తుపాకీ గాయాలతో చనిపోయారు. ప్రపంచ వార్తలకెక్కే సామూహిక కాల్పులు ఇందులో చాలా తక్కువ భాగం. హత్యల్లో ఎక్కువ ఒక్కరొక్కరుగా జరిగేవే. కాబట్టి ప్రార్థన కూడికలూ ఒకే రకంగా ఉండవు. ఊరంతా కదిలివచ్చే సంతాప సభ ఒక రకం. నల్లజాతి పేటల్లో వారం వారం వీధి మలుపున పదిమంది నిలబడి చేసే ప్రార్థన మరో రకం. రెండోదాన్ని చూపడానికి టీవీ కెమెరాలు అరుదుగా వస్తాయి.

ఈ కూడికలకు మాటలు ఎక్కువగా బైబిలులోని విలాపాల నుంచే వస్తాయి. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో దాదాపు మూడోవంతు మొరపెట్టుకునేవే. 13వ కీర్తన ఇంకెంతకాలం నన్ను మరచిపోతావని దేవుణ్నే నిలదీస్తుంది. ఆదివారం ఆరాధనలో స్తుతి పాటలకే అలవాటు పడిన సంఘాలకు ఇలాంటి ప్రార్థన మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే ఇందులో జవాబు ఉండదు, ప్రశ్నే ఉంటుంది. పిల్లలు బలైనప్పుడు చాలామంది బోధకులు మత్తయి సువార్త రెండో అధ్యాయం తెరుస్తారు. హేరోదు బేత్లెహేము పసివాళ్లను చంపించిన ఆ ఘట్టంలో, ఓదార్పు వద్దని ఏడ్చే రాహేలును యిర్మీయా ప్రవచనం నుంచి తెచ్చి నిలబెట్టాడు సువార్తికుడు. పాశ్చాత్య చర్చిలు ఆ పసివాళ్లను డిసెంబరు 28న స్మరిస్తాయి. కనెక్టికట్ రాష్ట్రం న్యూటౌన్‌లో శాండీ హుక్ బడి కాల్పులు 2012 డిసెంబరు 14న, ఆ స్మరణ దినానికి సరిగ్గా రెండు వారాల ముందు జరిగాయి. 20 మంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది చనిపోయారు. ఆ రాత్రి సెయింట్ రోజ్ ఆఫ్ లీమా చర్చి నిండిపోగా, మిగిలినవారు బయట చలిలో నిలబడే ప్రార్థనలో పాలుపంచుకున్నారు.

వారం తర్వాత గంటలు మోగించడంలో ఒక సంగతి తేలింది. కనెక్టికట్‌లో గవర్నరు కోరిక మీద 26 సార్లు గంట కొట్టారు. వాషింగ్టన్ నేషనల్ కెథీడ్రల్‌లో మాత్రం 28 సార్లు కొట్టారు. హంతకుడు తల్లిని చంపి బడికి వచ్చాడు, చివరికి తననూ కాల్చుకున్నాడు. ఆ ఇద్దరినీ లెక్కలో చేర్చాలా వద్దా అన్నదే ఆ తేడా. శత్రువుల కోసం ప్రార్థించమన్న క్రీస్తు బోధను చంపినవాడికీ వర్తింపజేయాలంటే గంట మరోసారి మోగాలి. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి చెవిలో ఆ మోత ఎలా పడుతుందో కూడా ఆలోచించాలి. దీనికి చర్చిలన్నీ ఒప్పుకున్న సమాధానం ఇంతవరకూ లేదు.

క్షమాపణ విషయమూ ఇలాంటిదే. 2006 అక్టోబరు 2న పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్‌లో ఆమిష్ క్రైస్తవుల బడిలో ఐదుగురు బాలికలు హతమయ్యారు. ఆమిష్ పెద్దలు హంతకుడి కుటుంబాన్ని ఓదార్చడానికి వెళ్లారు, అతని అంత్యక్రియలకూ హాజరయ్యారు. చార్ల్‌స్టన్ నగరం సంగతి ఇంకా లోతైనది. 2015 జూన్ 17 బుధవారం రాత్రి నల్లజాతివారి ఇమ్మానుయేల్ ఏఎంఈ చర్చిలో బైబిలు అధ్యయనానికి కొత్తగా వచ్చిన ఒక శ్వేతజాతి యువకుణ్ని ఆదరించి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ముగింపు ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకున్నాక అతను తుపాకీ తీశాడు. పాస్టరు, రాష్ట్ర సెనేటరు క్లెమెంటా పింక్నీతో కలిపి తొమ్మిదిమంది చనిపోయారు. రెండు రోజులకు కోర్టులో కొందరు బంధువులు నిందితుడితో నిన్ను క్షమిస్తున్నామని అన్నారు. దేశం కన్నీళ్లు పెట్టుకుని మెచ్చుకుంది. అయితే నల్లజాతివారు గాయపడ్డ ప్రతిసారీ వెంటనే క్షమించాలని సమాజం ఎదురుచూడటం న్యాయమా అని ఆ జాతి రచయితలే ప్రశ్నించారు. బంధువులందరూ క్షమించలేదన్నదీ నిజమే.

ఇమ్మానుయేల్ సంఘానికి హింస కొత్త కాదు. 1822లో బానిసల తిరుగుబాటు కుట్ర బయటపడ్డాక వాళ్ల మందిరాన్ని ధ్వంసం చేశారు. 1834లో నల్లజాతి చర్చిలను నిషేధించాక, అంతర్యుద్ధం ముగిసేదాకా వారు రహస్యంగా కూడుకున్నారు. 2015లో కాల్పులు జరిగిన నాలుగో రోజే, ఆదివారం ఆరాధన ఆగకుండా జరగడాన్ని ఈ చరిత్ర వెలుగులో చూడాలి.

కొన్ని సంఘాల్లో ప్రార్థన నాలుగు గోడల మధ్య ఆగలేదు. 1992 మేలో బోస్టన్‌లోని మార్నింగ్ స్టార్ బాప్టిస్టు చర్చిలో, హత్యకు గురైన ఒక యువకుడి అంత్యక్రియలు జరుగుతుండగానే ఒక ముఠా లోపలికి చొరబడి మరో కుర్రాణ్ని పొడిచింది. కుర్రాళ్లు చర్చికి రాకపోతే చర్చే వాళ్ల దగ్గరకు పోవాలని కొందరు పాస్టర్లు నిశ్చయించుకున్నారు. యూజీన్ రివర్స్, రే హామండ్, జెఫ్రీ బ్రౌన్ వంటివారు టెన్ పాయింట్ కొయలిషన్ పేరుతో రాత్రిపూట ముఠాలు తిరిగే వీధుల్లో నడిచారు. మొదట్లో బోధించడం కంటే వినడమే ఎక్కువ చేశారు. తర్వాత పోలీసులతోనూ కలిసి పనిచేశారు. 1990లో 152 హత్యలు జరిగిన బోస్టన్‌లో 1999 నాటికి ఆ సంఖ్య 31కి దిగింది. ఈ ఘనతంతా ప్రార్థనదేనని చెప్పలేం. పోలీసు వ్యూహం, ఆర్థిక పరిస్థితులు, ఇతర నగరాల్లోనూ నేరాలు తగ్గిన కాలం, అన్నీ కలిసివచ్చాయి.

షికాగోలో సెయింట్ సబీనా కథోలిక చర్చి గురువు మైఖేల్ ఫ్లేగర్ ఏళ్లుగా వేసవి శుక్రవారాల్లో శాంతి నడకలు నడిపిస్తున్నారు. 2018 జూలై 7న వేలమంది ఆయన వెంట నడిచి డాన్ రయన్ రహదారిని ఆపేశారు. అదే నగరంలో 2017 గుడ్ ఫ్రైడే నాడు కార్డినల్ బ్లేజ్ సూపిచ్ ఎంగిల్‌వుడ్ పేట వీధుల్లో సిలువ మార్గం నడిపించారు. క్రీస్తు శ్రమల ఒక్కో మజిలీ దగ్గర, అక్కడక్కడే చనిపోయినవారిని తలచుకున్నారు.

ఫిలడెల్ఫియాలో విశ్వాసులు తుపాకుల దుకాణం ముందే నిలబడి ప్రార్థించారు. 2009 జనవరిలో పన్నెండుమంది అరెస్టయ్యారు, తర్వాత కోర్టు వారిని నిర్దోషులంది. అదే ఏడాది, ఫెడరల్ కేసు పడటంతో ఆ దుకాణం మూతపడింది. ఆ ఉద్యమం నుంచి వచ్చిన హీడింగ్ గాడ్స్ కాల్ సంస్థ, చర్చిల ముందు పచ్చికలో మృతుల పేర్లు రాసిన టీషర్టులను వరసగా నిలబెడుతుంది. కొలరాడోలో మెన్నొనైట్ పాస్టరు మైక్ మార్టిన్ శాండీ హుక్ తర్వాత స్థాపించిన రాటూల్స్ సంస్థ ఇంకో దారి పట్టింది. ఖడ్గాలను నాగటి నక్కులుగా సాగగొడతారన్న యెషయా దర్శనాన్ని అక్షరాలా తీసుకుని, జనం అప్పగించిన తుపాకులను కొలిమిలో కాల్చి తోట పనిముట్లు చేస్తుంది. సుత్తి దెబ్బ వేయడానికి బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులను పిలుస్తారు.

వీటన్నిటి మీదా ఒక విమర్శ ఉంది. ప్రతి కాల్పుల తర్వాతా నాయకులు మా ఆలోచనలూ ప్రార్థనలూ మీతోనే అని ప్రకటించి, చట్టం జోలికి వెళ్లకుండా ఊరుకుంటారన్నది దాని సారాంశం. 2015 డిసెంబరులో శాన్ బెర్నార్డినో కాల్పుల మర్నాడు న్యూయార్క్ డైలీ న్యూస్, దేవుడు దీన్ని బాగుచేయడం లేదన్న అర్థం వచ్చే శీర్షికను మొదటి పేజీ నిండా వేసింది. 2025 ఆగస్టు 27న మినియాపొలిస్‌లోని అనన్సియేషన్ చర్చిలో, బడిపిల్లలు పూజలో ఉండగా కిటికీల్లోంచి కాల్పులు జరిగి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ప్రార్థిస్తున్న పిల్లలే చనిపోయాక ఆలోచనలూ ప్రార్థనలూ అన్న మాటతో ఊరుకోవద్దని నగర మేయరు జేకబ్ ఫ్రే అన్నారు. చిత్రమేమంటే ఈ విమర్శ చేసేవారిలో విశ్వాసులూ చాలామందే ఉన్నారు. శాండీ హుక్ తర్వాత ఏర్పడిన ఎపిస్కోపల్ బిషప్పుల బృందం ప్రార్థననూ, తుపాకీ చట్టాల కోసం ఒత్తిడినీ విడదీయదు. 2013 పవిత్ర వారంలో కనెక్టికట్ బిషప్పులు వాషింగ్టన్‌లో వైట్‌హౌస్ నుంచి పార్లమెంటు భవనం దాకా సిలువ మార్గం నడిచారు.

అలాగని అమెరికా క్రైస్తవులంతా తుపాకీకి వ్యతిరేకులనుకుంటే పొరపాటు. ఆత్మరక్షణ హక్కును దేవుడిచ్చినదిగా భావించే సంఘాలు చాలా ఉన్నాయి. 2019 డిసెంబరు 29న టెక్సస్‌లోని వైట్ సెటిల్‌మెంట్‌లో, ప్రభు బల్ల ఇస్తున్న సమయంలో ఒకడు ఇద్దరిని కాల్చి చంపాడు. ఆయుధం ధరించిన సంఘ సభ్యుడొకరు కొన్ని సెకన్లలోనే అతణ్ని కాల్చేశారు. ఆ తర్వాత చర్చిల్లో సాయుధ కాపలా గురించిన వాదన మరింత బలపడింది. తలుపు దగ్గర తుపాకీ, లోపల ప్రార్థన ఒకేచోట ఇమడగలవా అన్న విషయంలో సంఘాలు నిలువునా చీలి ఉన్నాయి.

ఈ దుఃఖం తెలుగు ఇళ్లకూ చేరింది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేత్‌లో హైదరాబాద్ ఇంజనీరు ఒకరు జాతి విద్వేషానికి బలైనప్పుడు, వివిధ మతాలవారు కలిసి ప్రార్థించారు. 2023 మే 6న టెక్సస్‌లోని ఆలెన్‌లో దుకాణ సముదాయం దగ్గర కాల్పుల్లో చనిపోయిన ఎనిమిదిమందిలో తెలంగాణ యువ ఇంజనీరు ఒకరు. మర్నాడు అక్కడి కాటన్‌వుడ్ క్రీక్ చర్చిలో జరిగిన ప్రార్థన కూడికకు రాష్ట్ర గవర్నరు కూడా వచ్చారు.

రక్తం చిందిన మందిరాన్ని ఏం చేయాలన్నది మరో ప్రశ్న. కథోలిక ధర్మశాస్త్రంలోని 1211వ నిబంధన ప్రకారం, ఘోరమైన చర్యతో అపవిత్రమైన చోట ప్రాయశ్చిత్త విధి జరిగేదాకా ఆరాధన చేయకూడదు. టెక్సస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్‌లో 2017 నవంబరు 5న 26 మంది చనిపోయిన బాప్టిస్టు చర్చిలో, గోడలకు తెల్ల రంగు వేసి స్మారకంగా ఉంచారు. తర్వాతి ఆదివారం సంఘం డేరాలో కూడింది, కొన్నాళ్లకు కొత్త మందిరం కట్టుకుంది. పాతదాన్ని ఉంచాలని కొందరూ వద్దని కొందరూ కోర్టుదాకా వెళ్లాక, 2024లో దాన్ని కూల్చేశారు.

ఇన్ని కూడికల్లోనూ తక్కువగా వినిపించే పేర్లు ఆత్మహత్య చేసుకున్నవారివి. 2021 తుపాకీ మరణాల్లో 26,328 ఆత్మహత్యలే, అంటే సగం కంటే ఎక్కువ. శతాబ్దాలపాటు చర్చిలు అలాంటివారికి అంత్యక్రియలే నిరాకరించాయి. కథోలిక చర్చి 1983 ధర్మశాస్త్రంలో అంత్యక్రియలు నిరాకరించాల్సినవారి జాబితా నుంచి వారిని తొలగించింది. వారి కోసం చర్చి ప్రార్థిస్తుందని 1992లో వెలువడిన సత్యోపదేశం స్పష్టం చేసింది. ఇప్పుడు తుపాకీ మృతుల స్మరణలో ఆత్మహత్యల వల్ల మిగిలిపోయిన కుటుంబాలనూ ముందుకు పిలిచి, ఆ పేర్లనూ హతుల పేర్ల వరసలోనే చదివే సంఘాలున్నాయి.