పాత ల్యాప్‌టాప్‌లో రెండు వాటాలు

ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది. పిల్లల చదువుకని ఎప్పుడో కొన్నది. ఇప్పుడు మీట నొక్కి, అన్నం వార్చి వచ్చినా తెర వెలగదు. "ఇది పనికిరాదమ్మా, కొత్తది కొనండి" అంటాడు షాపువాడు. కొత్తదంటే వేలకు వేలు. అంత డబ్బు పెట్టే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి.

ల్యాప్‌టాప్ ఉత్త యంత్రం. దానంతట అది ఏ పనీ చేయలేదు. తెర వెలగాలన్నా, కొట్టిన అక్షరం కనిపించాలన్నా లోపల ఒకరు పెత్తనం చేయాలి. ఆ పెత్తనం చేసేదే ఆపరేటింగ్ సిస్టమ్. చాలా ల్యాప్‌టాపుల్లో విండోస్ ఉంటుంది. విండోస్ 10కి మామూలుగా అందే మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 చాలా పాత యంత్రాల్లో ఎక్కదు. అంటే యంత్రం చెడిపోలేదు. కొత్త పెత్తందారుకు అది చాలడం లేదు, అంతే.

లినక్స్ అని ఇంకొకటి ఉంది. 1991లో ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దాన్ని మొదలుపెట్టాడు. తరువాత ఎన్నో దేశాలవాళ్లు తలా ఒక చేయి వేశారు. దానికి డబ్బు కట్టక్కర్లేదు. లినక్స్‌లో రకాలున్నాయి. లినక్స్ మింట్ అనే రకానికి 2 జీబీ ర్యామ్ ఉన్నా చాలు. 4 ఉంటే హాయిగా నడుస్తుంది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను కూడా తయారుచేసింది.

మరి విండోస్‌ను తీసేయాలా? అక్కర్లేదు. అన్నదమ్ములు ఒకే చేనుకు మధ్యన గట్టు వేసుకుని చెరోవైపు దున్నుకోరూ? ఇదీ అంతే. లోపలి డిస్కుకు గట్టు వేస్తారు. ఒకవైపు విండోస్, ఇంకోవైపు లినక్స్. లినక్స్ వాటాకు కనీసం 20 జీబీ జాగా కావాలి.

గట్టు వేసేటప్పుడే ప్రమాదం. డిస్కులో పెళ్లి ఫోటోలుంటాయి. పొదుపు సంఘం లెక్కలుంటాయి. ముందు వాటిని వేరే డిస్కులోకి కాపీ చేయాలి. ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో చూడాలి. "ఏం కాదులే" అనేవాళ్ల మాట వినకూడదు. పోతే పోయేది వాళ్ల ఫోటోలు కాదు! బిట్‌లాకర్ అనే తాళం ఉంటే దాని 48 అంకెల నంబరును కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

లినక్స్‌ను 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ల్యాప్‌టాప్‌ను దానితో మొదలుపెడతారు. పెన్‌డ్రైవ్‌లో పాతవి చెరిగిపోతాయి, కాబట్టి ఖాళీది తీసుకోవాలి. అప్పుడు డిస్కును ముట్టకుండానే లినక్స్ నడుస్తుంది. కొనేముందు చీర మడత విప్పి చూసినట్టు, మాట వినిపిస్తోందా, వైఫై అందుతోందా అని చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేయడమే.

నచ్చితే చార్జర్ తగిలించి పని మొదలుపెట్టాలి. మధ్యలో కరెంటు పోకూడదు. తెర మీద ఒకచోట రెండు ఇంగ్లీషు మాటలొస్తాయి. "అలాంగ్‌సైడ్" అంటే పక్కనే. "ఎరేజ్" అంటే చెరిపేయడం. నొక్కాల్సింది అలాంగ్‌సైడ్. ఎరేజ్ నొక్కితే చేనంతా పోయినట్టే. ఇంగ్లీషు రాకపోతే చదివేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి. అలాంగ్‌సైడ్ అనేది అసలు కనబడకపోతే అక్కడితో ఆపి, తెలిసినవాళ్లను పిలవాలి.

పని అయ్యాక మీట నొక్కినప్పుడల్లా రెండు పేర్లూ తెర మీదికి వస్తాయి. కావలసినదాన్ని ఎంచుకోవచ్చు. ఊరుకుంటే కాసేపటికి లినక్సే తెరుచుకుంటుంది. తాళం లేకపోతే విండోస్ వైపున్న ఫోటోలు లినక్స్‌లో కూడా కనిపిస్తాయి. లినక్స్ వైపున్నవి మాత్రం విండోస్‌లో మామూలుగా కనిపించవు.