సముద్రపు కుందేలు ఎందుకు ఉలిక్కిపడింది?

పిల్లలూ! దీపావళినాడు మీ వెనుక ఎవరో టపాకాయ పేల్చారనుకోండి. గుండె ఝల్లుమంటుంది. ఆ తరువాత కాసేపటిదాకా తలుపు చప్పుడైనా ఉలిక్కిపడతారు. తలుపు చప్పుడు రోజూ వినేదే గదా! మరి మారినదేమిటి?

ఇలాంటి ప్రశ్నకు జవాబు వెదకడానికి అమెరికాలో ఎరిక్ కాండెల్ అనే శాస్త్రజ్ఞుడు అప్లీసియా అనే సముద్రజీవిని ఎంచుకున్నారు. ఇది నత్తల జాతిది. తలమీది కొమ్ములు కుందేలు చెవుల్లా ఉంటాయి గనుక దీన్ని సముద్రపు కుందేలు అంటారు. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, దీనికున్నవి మొత్తం 20,000 మాత్రమే. కొన్నయితే మామూలు కంటికే కనిపిస్తాయి! అందుకే ఏ కణం దేనితో కలిసి ఉందో ఒక్కొక్కటిగా పట్టుకోగలిగారు.

అప్లీసియా నీరు చిమ్మే గొట్టాన్ని మెల్లగా తాకితే మొప్పను కొద్దిగా ముడుచుకుంటుంది. తోకకు విద్యుత్ షాక్ ఇచ్చి మళ్లీ తాకండి. ఈసారి గట్టిగా ముడుచుకుంటుంది.

షాక్ తగలగానే కొన్ని నాడీకణాలు సెరొటోనిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. "మొప్పను ముడువు" అనే వార్తను మోసేది ఇది కాదు. ఆ పని స్పర్శను తెలిపే కణానిదే. సెరొటోనిన్ ఆ కణం కొసను తాకుతుంది. అప్పుడు కణంలో సైక్లిక్ ఏ.ఎం.పి. అనే పదార్థం పెరిగి, పొటాసియం అయాన్లు బయటికి పోయే ద్వారాలు కొన్ని మూతపడతాయి. విద్యుత్ స్పందన ముగియాలంటే పొటాసియం బయటికి పోవాలి. దారి ఇరుకైతే స్పందన మరికాస్త సేపు నిలుస్తుంది. ఆ కాస్త వ్యవధిలోనే కాల్షియం అయాన్లు ఎక్కువగా లోపలికి వస్తాయి. దాంతో పక్క కణానికి వార్త అందించే గ్లుటమేట్ ఎక్కువగా వెలువడుతుంది. రేడియోలో పాట అదే, శబ్దం పెరిగింది!

ఒక్క షాక్ ప్రభావం కొద్ది నిమిషాలే. పదే పదే ఇస్తే రోజుల తరబడి ఉంటుంది. గాజుపాత్రలో పెంచిన కణాలకు 5 మార్లు సెరొటోనిన్ అందించినా జన్యువులు పనిలోకి దిగి, కొత్త ప్రోటీన్లు తయారై, కణాల మధ్య కొత్త సంధులు మొలిచాయి. జ్ఞాపకం కణాల ఆకారాన్నే మార్చిందన్నమాట! ఈ కృషికి కాండెల్ 2000లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

సెరొటోనిన్‌ను "ఆనంద రసాయనం" అనడం మీరు వినే ఉంటారు. నాకా పేరు నచ్చదు. మన మెదడులో దాన్ని అందుకునే గ్రాహకాలు డజనుకు పైగా రకాలున్నాయి. కొన్ని పొటాసియం ద్వారాలు మూసి కణాన్ని రెచ్చగొడతాయి, కొన్ని అవే ద్వారాలు తెరిచి దాన్ని శాంతపరుస్తాయి.