ఆటోపైలట్ వచ్చాక పైలట్ పని

1914 జూన్ 18. పారిస్ దగ్గర సెయిన్ నది ఒడ్డున విమానాల భద్రత పోటీ చూడడానికి జనం గుమిగూడారు. 21 ఏళ్ల అమెరికన్ లారెన్స్ స్పెర్రీ తన కర్టిస్ విమానాన్ని నది మీదుగా తక్కువ ఎత్తులో తీసుకొచ్చి, రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. మరో విడతలో అతని మెకానిక్ కషాన్ ఏకంగా రెక్క మీదికి నడిచాడు. ఆ బరువుకి విమానం ఓ పక్కకి ఒరిగి, వెంటనే తనంతట తానే సర్దుకుంది. 50,000 ఫ్రాంకుల బహుమతి స్పెర్రీకే దక్కింది. అప్పటికి రైట్ సోదరులు తొలిసారి ఎగిరి పదేళ్లు దాటిందంతే!

కిటుకంతా గైరోస్కోపులో ఉంది. గిర్రున తిరిగే బొంగరంలాగే, వేగంగా తిరిగే చక్రం తన ఇరుసు దిశని ఓ పట్టాన మార్చుకోదు. విమానం ఒరిగినా అది ఒరగదు. ఆ తేడాని పట్టుకుని యంత్రం విమానాన్ని మళ్లీ దారిలో పెడుతుంది.

1933లో పైలట్ వైలీ పోస్ట్ ఒంటరిగా భూమిని చుట్టి వచ్చింది స్పెర్రీ ఆటోపైలట్ తోడుతోనే. 1965లో లండన్‌లో ప్రయాణికులతో దిగుతున్న ట్రైడెంట్ విమానాన్ని నేల తాకే ఘట్టంలో యంత్రమే నడిపింది. కాలక్రమేణా కాక్‌పిట్‌లో కుర్చీలు తగ్గాయి. రేడియో ఆపరేటర్, నావిగేటర్, చివరికి ఫ్లైట్ ఇంజినీర్ కూడా వెళ్లిపోయి ఇద్దరు మిగిలారు. టేకాఫ్ అయిన కాసేపటికే వాళ్లు ఆటోపైలట్ వేస్తారు. ఇక ఎత్తు, దిశ, వేగం యంత్రానికి చెప్పడం, తెరల మీద అంకెల్ని కనిపెట్టుకుని ఉండడమే ఎక్కువ పని.

ఇది తేలికైన పనిలా కనిపిస్తుంది కానీ కాదు. యంత్రం నడిపినన్నాళ్లూ మనిషి చేతి నైపుణ్యం తగ్గుతుందనీ, యంత్రం చేతులెత్తేసిన రోజున ఆ నైపుణ్యమే కావాల్సి వస్తుందనీ లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే పరిశోధకురాలు 1983లోనే హెచ్చరించారు.

2009 జూన్ 1న అట్లాంటిక్ మీద జరిగింది అదే. రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ ఎయిర్‌బస్ 35,000 అడుగుల ఎత్తులో ఉంది. కెప్టెన్ విశ్రాంతికి వెళ్లారు. వేగం కొలిచే పిటో గొట్టాల్లో మంచు పేరుకోవడంతో అంకెలు తప్పాయి, ఆటోపైలట్ తప్పుకుంది. చీకట్లో, ఉన్నట్టుండి విమానం ఇద్దరు కో-పైలట్ల చేతికొచ్చింది. నడుపుతున్న పైలట్ ముక్కు పైకెత్తాడు. విమానం 38,000 అడుగుల దాకా ఎక్కి, వేగం పోయి, రెక్కలకి గాలి ఆసరా తప్పింది. 'స్టాల్, స్టాల్' అని హెచ్చరిక పదేపదే మోగింది. ముక్కు దించితే బతికేవాళ్లు. వేగం అంకెలు సుమారు ఒక నిమిషంలోనే సరయ్యాయి కూడా. కానీ ఏం జరుగుతోందో వాళ్లకి అంతుపట్టలేదు. ఆటోపైలట్ తప్పుకున్న నాలుగున్నర నిమిషాల్లోపే విమానం సముద్రంలో పడింది, 228 మంది పోయారు.

ఆటోమేషన్ వల్ల విమాన ప్రయాణం మొత్తం మీద సురక్షితమైంది. దాన్ని తీసేయమని ఎవరూ అనరు. అయితే పైలట్లతో చేత్తో నడిపే సాధన చేయించమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 2013 జనవరిలో విమాన సంస్థలకి సూచించింది. వాతావరణం బాగున్న రోజుల్లో ఆ అవకాశం ప్రతి పైలట్‌కీ దొరకాలి. సిమ్యులేటర్ శిక్షణ గంటలు కోసి ఖర్చు మిగుల్చుకునే ఆలోచన ఏ సంస్థా చేయకూడదు.