మొదటి పలకరింపు

1909లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం మెట్లపై ఎదురైన ఓ చైనా విద్యార్థిని హ్యారీ ఎడ్మండ్స్ అనే వైఎంసీఏ సేవకుడు 'గుడ్ మార్నింగ్' అని పలకరించాడు. తానొచ్చి మూడు వారాలైందని, తనతో మాట్లాడిన మొదటి మనిషి ఆయనేనని ఆ యువకుడన్నాడు. ఆ మాట ఎడ్మండ్స్‌ను కదిలించింది. భార్యతో కలిసి విదేశీ విద్యార్థులను భోజనానికి పిలవసాగాడు. ఆ పరిచర్యే ఎదిగి, నానాదేశాల విద్యార్థులు కలిసి నివసించే 'ఇంటర్నేషనల్ హౌస్'గా 1924లో తలుపులు తెరిచింది.

ఐగుప్తులో పరదేశులుగా బతికిన ఇశ్రాయేలీయులకు, తమ మధ్యనున్న పరదేశిని తమలాగే ప్రేమించమని దేవుడు ఆజ్ఞాపించాడు (లేవీ 19:34). పరాయితనం బాధ తెలిసినవారికే ఆ ఆజ్ఞ!

ముదిగుబ్బ నుంచి పైచదువులకు వెళ్లే బిడ్డలారా! తెలుగువాళ్ల గదికే పరిమితం కాకండి. ఒంటరిగా అన్నం తింటున్న నైజీరియా విద్యార్థిని, వియత్నాం విద్యార్థినిని మీరే ముందు పలకరించండి. వారూ అమ్మానాన్నలను విడిచి వచ్చినవారే.