యాపిల్ తోట: పండు రకం ఒక్కటే చూస్తే నష్టమే.. అసలు లెక్క వేరులోనే!

హిమాచల్ ప్రదేశ్ యాపిల్ రైతులకు ఇప్పుడు ఒకటే టెన్షన్.. పాత రాయల్ డెలీషియస్ చెట్లు ఉంచాలా? తీసేసి కొత్తవి పెట్టాలా?

యాపిల్ అంటు మొక్క. పైన కాయలు కాసే రకం, కింద వేరు భాగం. దీన్నే రూట్‌స్టాక్ అంటారు. చెట్టు ఎత్తు, కాపుకొచ్చే సమయం చాలావరకు దీన్నిబట్టే ఉంటాయి.

విత్తనం నుంచి పెంచిన రూట్‌స్టాక్ అయితే పెద్ద చెట్టు అవుతుంది. మంచి కాపు కోసం 7, 8 ఏళ్లు ఆగాలి. కానీ వేర్లు లోతుకు వెళ్తాయి, వర్షాధారంగానూ నెట్టుకొస్తుంది.

ఇంగ్లండ్‌లో ఎంపిక చేసిన ఎం9 అయితే పొట్టి చెట్టు. మూడో ఏడాదికే కాయలు. హెక్టారుకు 2,500 మొక్కల దాకా పెట్టొచ్చు. అయితే వేర్లు పైపైనే ఉంటాయి. స్తంభాలు, తీగల ఆసరా, డ్రిప్ తప్పనిసరి. అంటే మొదట్లోనే భారీ పెట్టుబడి.

ఇక రకం సంగతి. రాయల్ డెలీషియస్‌కు దాదాపు 1,000 గంటల చలి కావాలి. చలికాలం సరిగా లేకపోతే పూత దెబ్బతింటుంది. గాలా రకానికి అంత చలి అక్కర్లేదు, పంట కూడా ముందే చేతికొస్తుంది.

అందుకే ముందు నీళ్లు, నేల చూసుకుని రూట్‌స్టాక్, తర్వాత చలి చూసుకుని రకం ఎంచుకోవాలి. నీళ్లు లేని కొండ వాలులో ఎం9 పెడితే మిగిలేది అప్పే!